మూడో మనిషికి తెలియకూడదు

మా నాన్న కోర్టులో ప్రాసెస్ సర్వర్‌గా పనిచేసేవాడు. కోర్టు నుంచి వెళ్లే సమన్లూ నోటీసులూ ఎవరి పేరున ఉంటే వాళ్లకు అందించి, సంతకం తీసుకురావడం ఆయన పని. సర్వీసులో ఉండగానే ఆయన పోవడంతో ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు నలభై దాటాయి. ఇల్లు తెనాలిలో, మొన్నటిదాకా ఉద్యోగం బాపట్లలో. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కడం, బాపట్ల స్టేషన్ బయట స్టాండులో పెట్టిన స్కూటీ తీసుకుని కోర్టుకు పోవడం, అక్కణ్ణుంచి ఊళ్ల మీద పడడం. ఒకచోట గంటసేపు కూర్చోమంటే నా కాళ్లు ఊరుకోవు. ఆదివారం చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే నా చూపు గుమ్మం బయట చెప్పుల మీదికి పోతుంది.

మా పనిలో రహస్యమనేది లేదు. మన పద్ధతే అంత. మనిషి దొరికితే కాగితం చేతికివ్వాలి. దొరక్కపోతే ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరికైనా ఇవ్వచ్చు. తీసుకోనన్నా, సంతకం పెట్టనన్నా, వీధి తలుపుకు అంటించి రావాలి. అంటించినప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్ల పేర్లు రాసుకోవాలి. తర్వాత ఇదంతా ఎలా జరిగిందో ఒక నివేదిక రాసి కోర్టులో ఇవ్వాలి. దాన్ని మేం రిటర్న్ అంటాం. అంటే నలుగురు చూస్తేనే నోటీసు అందినట్టు.

చేరిన కొత్తలో ఒకసారి బాపట్ల పక్క ఊళ్లో ఒక ఇంటి తలుపుకు నోటీసు అంటించాను. లోపల పాటలు వినిపిస్తున్నాయి. ఆ ఇంటి పెద్దాయన పోయి ఏడాదైందని జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారట, నాకు తెలియదు. నేను స్కూటీ తిప్పుకునేలోపే ప్రార్థన అయిపోయి జనం బయటికి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆ కాగితం చదువుతూ నిలబడ్డారు. నోటీసు కొడుకు పేరున ఉంది. అతను అందరి వెనక నిలబడి, కాగితం వైపు కాకుండా నా వైపు చూశాడు. కోర్టుకు వచ్చి నాజరుగారితో చెప్పాను. నాజరంటే మా ప్రాసెస్ సర్వర్లందరి మీద అధికారి. ఆయన మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషే. "నీ తప్పేం లేదమ్మాయ్. పద్ధతి ప్రకారమేగా చేశావు," అన్నారు. నిజమే. అయినా ఆ చూపు నన్ను చాలాకాలం నిలవనివ్వలేదు.

ఈ కవరు సంగతి జరిగింది మొన్నమొన్ననే. నాట్లు పడుతున్న రోజులు. జడ్జిగారు చాంబర్‌లోకి పిలిచారు. చిన్న వయసు, మా కోర్టుకు వచ్చి ఏడాది కాలేదు. బల్లమీద అంటించి ఉన్న మందపాటి కవరు, పక్కన ఒక తాఖీదు.

"ఇది జర్మనీలో ఒక కోర్టు నుంచి వచ్చిందండి. ఢిల్లీకి వచ్చి, హైకోర్టుకి, జిల్లా కోర్టుకి, ఇప్పుడు మనకి. పిట్టలవానిపాలెం దగ్గర ఒకావిడకివ్వాలి. కానీ ఆవిడ చేతికే ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకి ఇవ్వకూడదు, సాక్షి సంతకం వద్దు, తలుపుకి అంటించకూడదు. మూడో మనిషికి తెలియకూడదని రాశారు," అన్నారు.

"వాళ్లు అలా అడగచ్చా మేడమ్?"

"అడగచ్చు. దేశాల మధ్య ఒప్పందం ఉంది. మన చట్టానికి అడ్డం రానంతవరకు వాళ్లడిగిన పద్ధతిలో అందించాలి."

కవరు అందుకోవాల్సినావిడకు చదువు రాదని తాఖీదులో ఉంది కనక, లోపలేముందో నాకు తెలియాలని జడ్జిగారే చెప్పారు. జర్మనీలో పెరిగిన ఒకామె అక్కడి కోర్టులో దావా వేసింది. రేపల్లె వైపు అప్పట్లో ఉండిన ఒక పిల్లల హాస్టల్ నుంచి పసితనంలో ఆమెను అక్కడివాళ్లు పెంపకానికి తీసుకెళ్లారు. కాగితాల్లో తల్లి చనిపోయిందని రాసి ఉంది. తల్లి బతికే ఉందని ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఆ రాత తప్పని తేల్చి, తల్లి పేరు సరిగా నమోదు చేయాలని కోరింది. అందుకని కోర్టు ఆ తల్లికి కబురు పంపింది. వేరే పెళ్లి, వేరే పిల్లలు ఉండి ఉండచ్చు, ఆవిడ బతుకు చెదరకూడదు, అందుకే ఈ జాగ్రత్త.

కవరు సంచిలో పెట్టుకుని ఆ రోజే బయల్దేరాను. పిట్టలవానిపాలెం దాటి, ఊరి చివర పేటలోకి స్కూటీ తిరగ్గానే ఎవరో అరిచారు, "కోర్టమ్మాయి వచ్చిందిరోయ్!" నేను బండి దిగేసరికి ఆరుగురు పోగయ్యారు. ఆవిడ ఇల్లు చూపించారు. కోడలు బయటికి వచ్చింది.

"మా అత్త లేదండి. నగరం పోయింది, వాళ్ల చెల్లెలింటికి. అక్కడ నాట్లకి పోతంది. ఏంటండి కోర్టు పని? నాకివ్వండి, నేనిస్తా."

మామూలు నోటీసైతే ఇచ్చేసి, సంతకం తీసుకుని, పక్కింటివాళ్లతో సాక్షి సంతకం పెట్టించుకుని పది నిమిషాల్లో బయటపడేదాన్ని. ఆ రోజు ఆ వీలు లేదు. "ఏం లేదమ్మా, ఆవిడతోనే పని," అన్నాను. ఆ మాటతోనే సగం చెడింది. నేను వీధి మలుపు తిరిగేదాకా వాళ్లు నా వైపే చూస్తూ నిలబడ్డారు.

నగరమంటే పట్నం కాదు, రేపల్లె దగ్గర ఒక ఊరి పేరు, రేపల్లె కోర్టు పరిధిలోకి వస్తుంది. జడ్జిగారు జిల్లా కోర్టుకు రాసి, ఆవిడ ఎక్కడున్నా నన్నే పంపేలా అనుమతి తెప్పించారు. ఆ అనుమతి కోసం ఆగిన నాలుగు రోజులూ నాకు కుదురు లేదు. కవరు బీరువాలో పెడితే ఎవరైనా చూస్తారేమో, సంచిలో ఉంటే ఎక్కడైనా పడిపోతుందేమో. వంట చేస్తూ చేస్తూ వచ్చి తడిమి చూసుకునేదాన్ని. ఒకరోజు చాంబర్‌లో ఉండబట్టలేక అడిగాను.

"మేడమ్, ఆ దేశాల్లో కూడా మాలాంటి వాళ్లుంటారా?"

జడ్జిగారు నవ్వారు. "నేనూ అదే చదువుతున్నానండి. జర్మనీలో చాలావరకు పోస్ట్‌మ్యానే ఇస్తాడు, పసుప్పచ్చ కవరులో. ఇంట్లో ఎవరూ లేకపోతే డబ్బాలో వేసి, కవరు మీద తారీఖు రాసి వెళ్లిపోతాడు. అందినట్టే లెక్క."

"మన పేటల్లో ఇళ్లకి డబ్బాలెక్కడివండి?"

"ఫ్రాన్సులో దీనికోసమే ప్రత్యేకంగా చదువుకున్న అధికారులుంటారు. మనిషి దొరక్కపోతే ఇంకొకళ్లకివ్వచ్చు గానీ కవరు మూసే ఇవ్వాలి. పైన పేరూ అడ్రసూ తప్ప ఏం కనపడకూడదు. ఇంగ్లండులో అయితే పోస్టులో వేస్తే చాలు. రెండో పనిదినానికి చేరిందనే అనుకుంటారు."

"మనకి ఈ పద్ధతి నేర్పింది వాళ్లే కదండి?"

"నేర్పి, వాళ్లు మార్చుకున్నారు. అమెరికాలో అయితే పద్దెనిమిదేళ్లు నిండి, ఆ కేసులో సంబంధం లేనివాళ్లెవరైనా ఇవ్వచ్చు. ఉద్యోగి కానక్కర్లేదు."

చదువుకున్న అధికారి, పోస్ట్‌మ్యాన్, దారిన పోయే మనిషి. వాళ్లందరి పనీ కలిపి నేను ఒక్కదాన్ని చేస్తున్నానా అనిపించింది. గర్వంగా లేదు. ఇన్నేళ్లుగా తలుపులకు అంటించిన కాగితాలు గుర్తొచ్చాయి. ఇంకెక్కడో మూసి ఇచ్చే కవరును మేం విప్పి గుమ్మానికి అంటిస్తున్నామన్నమాట.

అనుమతి రాగానే నగరం వెళ్లాను. ఆవిడ చెల్లెలి ఇంటి దగ్గర అడిగితే పొలం చూపించారు. బురదలో పన్నెండుమంది ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద నీళ్ల బిందెతో కూర్చున్న ముసలామె, "ఆ చివర ఆకుపచ్చ రైక, ఆవిడే," అంది. వరసలోంచి ఒక్కరిని పిలిస్తే పదకొండుమంది నడుములు ఎత్తి చూస్తారు. పిలవలేదు. గట్టు మీదే కూర్చున్నాను. ఎండ మీద పడింది. లేచి నడిచాను, మళ్లీ కూర్చున్నాను. ఆవిడ ఒక్కసారి తలెత్తి నన్ను చూసి, వెంటనే వంగిపోయింది. మధ్యాహ్నం అన్నాలప్పుడైనా విడిగా దొరుకుతుందనుకుంటే, అందరూ ఒకేచోట టిఫిన్‌లు విప్పారు. వాయిదా తేదీ దగ్గర పడుతోంది. చేతిలో కవరు, ముందు మనిషి, మధ్య పది బారల బురద. అయినా ఇవ్వలేకపోయాను.

వెళ్లిపోతుంటే నీళ్ల బిందె ముసలామె తనంతట తానే చెప్పింది. "శనివారం రాదమ్మా పనిలోకి. కళ్లు చూపించుకోను తెనాలి పోద్ది, పొద్దుటి రైలుకి."

శనివారం పొద్దున్నే తెనాలిలో రైలెక్కి రేపల్లె వెళ్లి, అదే రైల్లో వెనక్కి వచ్చాను. రేపల్లె స్టేషన్‌లో ఆవిడ ఒక్కతే సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఏ పెట్టె ఎక్కితే నేనూ అదే ఎక్కి, పక్కన కూర్చున్నాను. పెట్టె నిండా జనం. పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు, కిటికీల చప్పుడు. పక్క మనిషి మాట పక్క మనిషికే వినపడని చోటు అది. ఇన్నాళ్లూ ఎవరూ లేని చోటు వెతికి పొరబడ్డానని అప్పుడు తెలిసింది.

"పిన్నీ, నేను బాపట్ల కోర్టు నుంచి వచ్చాను."

ఆవిడ నా వైపు తిరగలేదు. "చూశా. గట్టు మీద కూర్చున్నావు. ఏం కేసమ్మా? నన్ను జైల్లో పెడతారా?"

"లేదు పిన్నీ. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. ఈ కవరు మీకే ఇవ్వాలి. ఇంకెవరికీ తెలియకూడదన్నారు."

కవరు ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు చదవడం రాదుగా. నువ్వే ఇప్పి చదువు."

జర్మన్ కాగితాలు, ఇంగ్లీషు కాగితాలు, వాటి వెనక జడ్జిగారు తెనాలి వకీలు ఒకాయనతో చేయించి పెట్టిన తెలుగు అనువాదం ఉన్నాయి. ఆవిడ చెవి దగ్గర వంగి, ఒక్కొక్క వాక్యం చదివాను. మూడో మనిషి ఉండకూడదన్న చోట ఆ మూడో మనిషిని నేనే. రైలు భట్టిప్రోలు దాటింది. హాస్టల్ పేరు రాగానే పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

"మొదటాయన పోయినప్పుడు నాకు ఇరవయ్యేళ్లు," అంది. "చంటిది. కోతలకి పోవాల. రెండు నెల్లు ఉంచుకుంటామన్నారు అక్కడ. కోతలయ్యాక పోతే పిల్ల లేదు. దొరలు తీసుకుపోయారు, వేలిముద్ర ఏశావుగా అన్నారు. ఏశాను. రెండు నెల్లకనుకుని ఏశాను."

కాగితం మడత సరిచేస్తూ కూర్చున్నాను.

"పేరేంటి ఇప్పుడు?"

చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసింది, రెండుసార్లూ వేరేగా వచ్చింది. "ఏం పని చేస్తదంట?"

వెతికి చూశాను. "బస్సు డ్రైవరు."

"బస్సు తోలుద్దా!" ఆవిడ ముఖం ఒక్కసారి విప్పారింది. ఎదుటి సీటువాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అంది. వెంటనే తగ్గి, "పెద్ద బస్సేనా?" అని అడిగింది. కోర్టు కాగితాల్లో అదెందుకుంటుంది?

వేమూరు వస్తుండగా సంచిలోంచి ఇంకు ప్యాడ్ తీశాను. అందినట్టు వేలిముద్ర కావాలన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎయ్యను."

"కాగితం అందిందని మాత్రమే పిన్నీ. ఇంకేం లేదు."

"అప్పుడూ ఇంకేం లేదన్నారు. కవరు తీసుకుంటా. వేలిముద్ర మాత్రం ఎయ్యను. నన్నేం చేసుకుంటారో చేసుకోండి."

కవరు సంచి అడుగున దోపుకుంది. తెనాలిలో దిగి కంటాసుపత్రి వైపు వెళ్లిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీద ఇంకు ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను.

సోమవారం రిటర్న్ రాసిచ్చాను. స్వయంగా అందజేశాను, చదివి వినిపించాను, వేలిముద్ర వేయడానికి ఇష్టపడలేదు అని. నాజరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది చెల్లదమ్మాయ్. ముద్ర వెయ్యకపోతే ఏం చెయ్యాలో నీకు తెలియదా? తలుపుకి అంటించి రావాలి."

"అంటిస్తే ఊరంతా చదువుతుందండి."

"పద్ధతి అది. పైగా రైల్లో ఇచ్చానంటున్నావు. ఎక్కడ? కదిలే రైల్లో ఏ కోర్టు పరిధి? వేమూరు మనదీ కాదు, రేపల్లెదీ కాదు, తెనాలిది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జ్ఞాపకార్థ కూడిక నాడు గుమ్మం ముందు నిలబడ్డ కొడుకు గుర్తొచ్చాడు. "అంటించను నాజరుగారూ. కావాలంటే మెమో ఇవ్వండి," అన్నాను. ఆయన ముందు అంత మాట నేనెప్పుడూ అనలేదు.

ఫైలు జడ్జిగారి దగ్గరికి పోయింది. మేడమ్ నాజరుగారి అభ్యంతరం మొత్తం విని, "మన చట్టంలోనే ఇంకో దారి ఉందండి. నోటీసు ఇచ్చిన ఉద్యోగిని ప్రమాణం మీద విచారించచ్చు," అన్నారు. ఆ మధ్యాహ్నమే చాంబర్‌లో నన్ను నిలబెట్టి ప్రమాణం చేయించారు. ఇరవై ఏళ్లు సాక్షులకు సమన్లు ఇచ్చినదాన్ని, నేనెప్పుడూ సాక్షిని కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గట్టు మీంచి మొదలుపెట్టాను. జడ్జిగారు మధ్యలో ఆపలేదు. వేలిముద్ర ఎందుకు వెయ్యనందో చెబుతున్నప్పుడు స్టెనో టైపు చెయ్యడం ఒక క్షణం ఆగింది. రైలు ఎక్కడుందన్న దానికి, జిల్లా కోర్టు అనుమతి ఉంది కనక ఇబ్బంది లేదని రాశారు. నోటీసు కోరిన పద్ధతిలో అందిందని సంతకం పెట్టారు. నాజరుగారు నాతో వారం మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆయనే టీ తెప్పించి, "మీ నాన్న అయితే అంటించి వచ్చేవాడు," అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ తెలియదు.

రెండు వారాలకు ఆవిడ మళ్లీ కళ్లు చూపించుకోవడానికి తెనాలి వస్తూ, నన్ను కలవాలని బాపట్ల కోర్టుకు కబురు పెట్టింది. జర్మనీ కాగితానికి జవాబు రాయించాలంది. సెలవు పెట్టి, అనువాదం చేసిన వకీలుగారి దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన, ప్రాక్టీసు తగ్గించుకుని ఇంటి వరండాలోనే కూర్చుంటున్నారు.

"చూడమ్మా," అని ఆయన నెమ్మదిగా చెప్పారు. "ఇక్కడైతే గడువులోగా నువ్వు జవాబివ్వకపోతే, నువ్వు లేకుండానే కేసు నడిపేస్తారు, నష్టం నీకు. అక్కడ ఇలాంటి కేసుల్లో జడ్జే నిజం వెతుక్కోవాలి. ఇద్దరు ప్లీడర్లు వాదించుకుంటే ఎవరు గెలిచారో చూడ్డం కాదు. నువ్వు మాట్లాడకపోయినా తప్పు పట్టరు."

"నష్టం సంగతి కాదండి. నన్ను చచ్చిపోయిందని రాశారంట. బతికే ఉన్నానని రాయండి."

"ఇంకా?"

"రెండు నెల్లకే ఉంచానని రాయండి. నన్ను చూడ్డానికి రమ్మని రాయొద్దు. రావద్దనీ రాయొద్దు."

ఆయన అలాగే రాశారు. కింద గీత గీసి నాకేసి చూశారు, ముద్ర సంగతి ఎలాగ అన్నట్టు. ఆవిడ పెన్ను అడిగింది. ఈ రెండు వారాలూ మనవరాలి దగ్గర కూర్చుని తన పేరు రాయడం నేర్చుకుందట. పెదవులు బిగించి చాలాసేపు రాసింది. మధ్యలో ఒక అక్షరం పోయింది. వకీలుగారు చూశారు గానీ దిద్దకుండానే కాగితం మడిచారు.

ఆ తర్వాత నన్ను తెనాలి కోర్టుకు బదిలీ చేశారు. మా పనిలో కేసు చివర తెలియదు. మొదటి కాగితం మోస్తాం, అంతే. జర్మనీ కోర్టు తీర్పు వచ్చిందనీ, తల్లి పేరు సరిచేశారనీ, బతికే ఉన్నట్టు రాశారనీ జడ్జిగారు ఫోన్ చేసి చెప్పారు. దాన్ని అందించింది నా చోట చేరిన వేరే అతను. ఎలా ఇచ్చాడో, ఎవరి ముందు ఇచ్చాడో అని ఒకటే ఆరాటం. అడిగితే, "చేతికే ఇచ్చాను మేడమ్," అన్నాడు. అతని మాట చాలలేదు నాకు. సెలవు రోజు చూసుకుని పిట్టలవానిపాలెం వెళ్లాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కోడలు లోపల ఉంది. నన్ను చూసి నవ్వి, పక్కన కూర్చోమని చాప జరిపింది. నేను గొంతు తగ్గించి అడిగాను, ఇంట్లో ఎవరికైనా తెలిసిందా అని.

"నేనే చెప్పా," అంది మామూలు గొంతుతో. "పెద్దోడికి. కాగితం చూపిచ్చి చెప్పా."

"ఏమన్నాడు?"

"పది రోజులు మాటాడలా. అన్నం పెడితే తినేవోడు, మొహం చూసేవోడు కాదు. నేనూ ఊరుకున్నా. నిన్న పొద్దున పొలానికి పోతా గుమ్మంలో ఆగాడు. ఆవిడ నాకంటే పెద్దదా, చిన్నదా అనడిగాడు."

"మీరేం చెప్పారు?"

"పెద్దదేరా, అక్క అనాల నువ్వు, అని చెప్పా. ఊ అని పోయాడు."

కోడలు లోపలినుంచి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి, కాసేపు ఆవిడతోపాటు చిక్కుడుకాయలు వలిచాను.